సుంకి ఘాట్‌లో లాగని డీజిల్ బండి: ఎయిర్ ఫ్లో సెన్సర్ మీద ఒక కేస్ స్టడీ

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి ఒడిశాలోని కొరాపుట్ వైపు సాగే 26వ నంబరు జాతీయ రహదారి మీద నిత్యం తిరిగే ఒక అద్దె బండి, ఘాట్‌లో లోడ్ లాగడం లేదన్న ఫిర్యాదుతో సిమిలిగుడలోని మా వర్క్‌షాపుకు వచ్చింది. ఏడు సీట్ల బండి, 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల కామన్‌రైల్ డీజిల్ ఇంజిన్, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది), ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది), ఈజీఆర్ (సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) అన్నీ ఉన్న, బీఎస్-4 పొగ నిబంధనల రకం, మీటరులో 1,40,000 కిలోమీటర్లు దాటి ఉంది. మైదానంలో, ఖాళీగా ఉన్నప్పుడు బండిలో పెద్దగా తేడా తెలియదు. మనుషులూ సామానూ నిండి పొట్టంగి వైపు ఎక్కడం మొదలయ్యాక మాత్రం మూడో గేరులో ఎక్కవలసిన మలుపుల్లో రెండో గేరుకు దిగితే గాని కదలడం లేదు.

బండి యజమానే డ్రైవరు కూడా. "కొండ మీద గాలి పల్చన కదండీ, అందుకే లాగట్లేదని మావాళ్లంతా అంటన్నారు" అని చెప్పాడు. ఇంతకు ముందు మరో చోట చూపించగా స్కానర్‌లో పి0402 అనే కోడ్ కనబడిందని, దానికి ఈజీఆర్ వాల్వ్ విప్పి మసి కడిగారని, డీజిల్ ఫిల్టర్ మార్చారని, అయినా ఫలితం లేకపోవడంతో టర్బో మార్చాలని ఖర్చు లెక్క చేతిలో పెట్టారని కూడా తెలిపాడు. టర్బో అన్న మాట విన్న తరువాతే బండిని మా దగ్గరకు తెచ్చాడు.

బండిని నేను స్వయంగా రోడ్డు మీద నడిపి చూశాను. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా సైలెన్సర్ నుంచి నల్లపొగ రాలేదు. నా లెక్కలో మొదటి ఆధారం ఇదే. టర్బో గాలి తక్కువ పంపుతున్నా, ఇంటర్‌కూలర్ పైపు చిరిగి గాలి బయటికి పోతున్నా, ఈజీఆర్ తెరుచుకుని ఇరుక్కుపోయినా డీజిల్ బండి సాధారణంగా నల్లపొగ చిమ్ముతుంది, ఎందుకంటే అటువంటి సందర్భాల్లో ఇంజిన్‌లోకి చేరిన గాలికి మించి డీజిల్ పడుతుంది. శక్తి లేదు, పొగ కూడా లేదు అంటే డీజిల్‌నే తక్కువగా పోస్తున్నారని అర్థం. ఆ తక్కువ పోసేది ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్. ఫలానా కొలత చూసి అది ఆ నిర్ణయం తీసుకుంటుంది కాబట్టి వెతకవలసింది ఆ కొలతలోని తేడాను.

సెన్సర్ చేసే పని

ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే పైపులో బిగించి ఉండే చిన్న భాగమే ఎయిర్ ఫ్లో సెన్సర్. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఎన్ని లీటర్లో కాదు, ఎన్ని గ్రాములో అది కొలుస్తుంది. వెనుకటి తరం ఇంజెక్షన్ బండ్లలో గాలి తోపుకు తెరుచుకునే రేకు మీటరు ఉండేది. అది ఘనపరిమాణాన్ని మాత్రమే కొలిచేది కనుక ఎత్తు మారినా, ఎండ పెరిగినా లెక్కను వేరే సెన్సర్లతో సవరించుకోవలసి వచ్చేది. తరువాత హాట్ వైర్ వచ్చింది. అందులో సన్నని ప్లాటినం తీగను లోపలికి వచ్చే గాలి కన్నా నిర్ణీతమైనంత ఎక్కువ వేడిలో నిలిపి ఉంచుతారు. గాలి ఎంత బరువుగా, ఎంత వేగంగా తగిలితే తీగ అంత చల్లబడుతుంది, దాని వేడి నిలబెట్టడానికి అంత ఎక్కువ కరెంటు కావాలి. ఆ కరెంటే గాలి కొలత.

ఇప్పటి బండ్లలో ఎక్కువగా ఉన్నది హాట్ ఫిల్మ్ రకం. ఇందులో తీగకు బదులు చాలా పలుచని పొర మీద ఒక హీటరు, దానికి ముందొకటి వెనుకొకటి ఉష్ణోగ్రత కొలిచే భాగాలు ఉంటాయి. గాలి కదలనప్పుడు రెండు వైపులా వేడి సమానం. గాలి కదిలినప్పుడు ముందువైపు చల్లబడి వెనుకవైపు వేడెక్కుతుంది. ఆ రెండింటి తేడాను బట్టి గాలి ఎంత వెళ్తున్నదీ, ఏ దిక్కుకు వెళ్తున్నదీ కూడా తెలుస్తుంది. కొన్ని బండ్లలో ఈ కొలత వోల్టేజీగా, కొన్నింటిలో ఫ్రీక్వెన్సీగా ఈసీయూకు చేరుతుంది. మా బండిలోది వోల్టేజీ రకం, గాలి కదలనప్పుడు సుమారు 1 వోల్టు ఇచ్చేది.

డీజిల్ బండిలో ఈ కొలతతో ఈసీయూ ముఖ్యంగా రెండు పనులు చేస్తుంది. ఈజీఆర్ వాల్వ్‌ను ఎంత తెరవాలో నిర్ణయించడం ఒకటి, పొగ రాకుండా ఎంత డీజిల్ వరకు పోయవచ్చో హద్దు గీయడం రెండోది. అందువల్ల సెన్సర్ గాలిని తక్కువగా చూపిస్తే ఈసీయూ ఆ హద్దును కిందికి దించుతుంది, బండి పొగ లేకుండా నీరసపడుతుంది. పెట్రోలు బండిలో ఇదే లోపం మరోలా బయటపడుతుంది. అక్కడ గాలి కొలతను బట్టి పెట్రోలు పోస్తారు కనుక కొలత తగ్గితే మిశ్రమం పలచబడుతుంది, ఆక్సిజన్ సెన్సర్ చెప్పిన మీదట ఈసీయూ పెట్రోలు కలుపుకుంటూ పోతుంది, స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఆ పెట్రోలు సవరణ) ధన సంఖ్యల్లో పైకెక్కి చివరకు మిశ్రమం పలచగా ఉందనే పి0171 కోడ్ వస్తుంది. మన రోడ్ల మీది చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి అసలు ఈ సెన్సరే ఉండదు, మ్యాప్ సెన్సర్ పీడనం చూసి గాలిని లెక్కకడతారు. లేని భాగాన్ని మార్చమని ఎవరైనా అంటే ముందు బానెట్ ఎత్తి చూడటం మంచిది.

పి0402 కోడ్ వెనుక ఉన్న సంగతి

ఈజీఆర్ ద్వారా అవసరానికి మించి పొగ ఇంజిన్‌లోకి తిరిగి వస్తున్నదని పి0402 చెబుతుంది. కాని ఇటువంటి బండ్లలో తిరిగి వచ్చే పొగను నేరుగా కొలిచే సెన్సర్ ఏదీ లేదు. ఈజీఆర్ వాల్వ్ తెరిస్తే ఎయిర్ ఫ్లో సెన్సర్ దగ్గర కొత్తగాలి తగ్గాలి, ఆ తగ్గిన మేరకు పొగ వచ్చిందని ఈసీయూ ఊహిస్తుంది, అంతే. కాబట్టి సెన్సర్ తనంతట తానే గాలిని తక్కువ చూపితే, ఆ లోటును ఈసీయూ పొగ కింద జమకట్టి, వాల్వ్‌ను పూర్తిగా మూసేసి, అప్పటికీ లోటు తీరకపోతే పి0402 రాస్తుంది. సెన్సర్‌కే సంబంధించిన పి0101 కోడ్ ఈ బండిలో ఎక్కడా లేదు. సెన్సర్ వైరు తెగితేనో, సిగ్నల్ పూర్తిగా హద్దులు దాటితేనో వచ్చే పి0102, పి0103 కోడ్‌లు కూడా లేవు. ఎయిర్ ఫ్లో సెన్సర్ ఒక్కసారిగా చచ్చిపోవడం అరుదు. నెలల తరబడి కొద్దికొద్దిగా తక్కువ చూపుతూ వస్తుంది, నమ్మదగిన హద్దుల్లోనే ఉన్నంత కాలం ఈసీయూ దాన్ని అనుమానించదు. కోడ్ పేరు చూసి ఈజీఆర్ కడిగినవారిని పూర్తిగా తప్పుపట్టలేము గాని, కడిగిన తరువాత గాలి కొలత పెరిగిందో లేదో చూసి ఉంటే టర్బో మాట వచ్చేది కాదు.

ఇక గాలి కొలత నిజమో కాదో తేల్చడానికి మరో సెన్సర్ సాక్ష్యం కావాలి, కొంచెం లెక్క కావాలి. గాలి పీడనాన్ని కిలోపాస్కల్‌లలో తీసుకుని, 0.287తోను, సెల్సియస్‌కు 273 కలిపి వచ్చిన ఉష్ణోగ్రతతోను భాగిస్తే లీటరు గాలి ఎన్ని గ్రాములో వస్తుంది. ఇంజిన్ ఆపి కీ వేసినప్పుడు మా దగ్గర స్కానర్ చూపిన పీడనం 91 కిలోపాస్కల్‌లు, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరికి అది సరైన అంకె. లోపలికి వచ్చే గాలి 30 డిగ్రీలు. ఆ లెక్కన లీటరు గాలి 1.046 గ్రాములు. ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడిచేటప్పుడు, 800 ఆర్‌పీఎం దగ్గర నాలుగు స్ట్రోకుల ఇంజిన్ నిమిషానికి 400 సార్లు తన 2.2 లీటర్లను నింపుకుంటుంది, అంటే సెకనుకు 14.67 లీటర్లు. సిలిండర్లు నూటికి నూరు శాతం నిండవు కనుక 85 శాతం అనుకుంటే సెకనుకు 13 గ్రాములు రావాలి. ఈజీఆర్ మూసి ఉన్నప్పుడు సెన్సర్ చూపినది 9.3 గ్రాములు. రావలసినదానిలో సుమారు 71 శాతం మాత్రమే.

పలచని గాలి వాదన కూడా ఇక్కడే తేలిపోయింది. అదే లెక్కను సాలూరు పీడనం 100 కిలోపాస్కల్‌లుగా తీసుకుని చేస్తే 14.3 గ్రాములు వస్తుంది. ఘాట్ ఎక్కినందువల్ల పోయేది 9 శాతమే, అందులోనూ కొంత టర్బో పూడ్చుకుంటుంది. పైగా ఈ సెన్సర్ బరువునే కొలుస్తుంది కాబట్టి ఎత్తు మారినా మోసపోదు. ఎత్తు వల్ల బండిలో కొంత తేడా ఉంటుంది, రెండో గేరుకు దిగేంత తేడా ఉండదు.

లోడ్‌లో కూడా చూడాలి గనుక, స్కానర్ తగిలించి, మనుషులను ఎక్కించుకుని, సుంకి వైపు ఎత్తు మీద మూడో గేరులో 2,500 ఆర్‌పీఎం దగ్గర కొలతలు రికార్డు చేశాము. మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) పీడనం 160 కిలోపాస్కల్‌లు, ఇంటర్‌కూలర్ దాటిన గాలి 50 డిగ్రీలు. వీటిని బట్టి, 88 శాతం నిండుతుందని వేసుకుంటే సెకనుకు సుమారు 70 గ్రాములు రావాలి, సెన్సర్ చూపినది 47. ఐడిలింగ్‌లోను, లోడ్‌లోను లోటు ఒకే వరుసలో ఉండటం గమనించదగినది.

అయినా సెన్సర్‌దే తప్పని అప్పుడే అనలేము. సెన్సర్‌కూ టర్బోకూ మధ్య పైపు చిరిగితే, కొలత పడకుండానే గాలి ఆ చిరుగులోంచి లోపలికి పోతుంది. అప్పుడు సెన్సర్ తక్కువ చూపినా అది అబద్ధం కాదు. టర్బో దాటాక చిరిగితే దీనికి పూర్తిగా వ్యతిరేకం, కొలత పడిన గాలి బయటికి పోతుంది, కొలత ఎక్కువగాను, పొగ నల్లగాను ఉంటాయి. పొగ యంత్రంతో తక్కువ ఒత్తిడిలో పైపుల నిండా పొగ నింపి చూశాము, ఎక్కడా కారలేదు. ఈజీఆర్ నిజంగానే పూర్తిగా మూసుకుంటున్నదా అన్న అనుమానం తీర్చుకోవడానికి దాని దారికి తాత్కాలికంగా సన్నని రేకు అడ్డం పెట్టి మళ్లీ ఐడిలింగ్ కొలత చూస్తే మార్పు లేదు, అదే 9.3. పరీక్ష కాగానే రేకు తీసేశాము. పికప్ వస్తుందని కొందరు దాన్ని శాశ్వతంగా ఉంచేస్తారు, పొగ నిబంధనలకు అది విరుద్ధం.

సెన్సర్‌కు వైర్లు కలిసే కప్లర్ దగ్గర 12 వోల్టుల సప్లై, 5 వోల్టుల రిఫరెన్స్, ఎర్త్ మూడూ సరిగా ఉన్నాయి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సిగ్నల్ 1 వోల్టే. నిలబెట్టి ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రం 4 వోల్టులు దాటవలసిన సిగ్నల్ 3.3 దగ్గర ఆగిపోయింది. గాలి లేనప్పుడు సరిగా చూపి, గాలి పెరిగేకొద్దీ వెనుకబడటం మురికి పట్టిన ఫిల్మ్ లక్షణం. దుప్పటి కప్పుకున్నవాడికి చలిగాలి తగలనట్టు ఫిల్మ్ చల్లబడదు, చల్లబడలేదు కాబట్టి గాలి లేదని చెబుతుంది.

కప్లర్ పీకి నడిపి చూసే పరీక్ష గురించి ఒక మాట. కప్లర్ తీసేస్తే ఈసీయూ తన దగ్గరున్న ప్రత్యామ్నాయ విలువతో నడుపుతుంది, బండి బాగా లాగితే సెన్సర్ పోయినట్టేనని చాలామంది తీర్మానిస్తారు. ఆ స్థితిలో ఈసీయూ సాధారణంగా ఈజీఆర్‌ను కూడా మూయిస్తుంది కనుక, లోపం ఈజీఆర్‌ది అయినా బండి బాగుపడినట్టే అనిపిస్తుంది. ఈ పరీక్ష అనుమానానికి పనికి వస్తుంది, బిల్లు వేయడానికి పనికి రాదు.

మురికి ఎలా చేరింది

ఫిల్టర్ డబ్బా విప్పగానే కారణం కళ్లకు కట్టింది. మూత క్లిప్పుల్లో ఒకటి విరిగి ఉంది. ఫిల్టర్ చుట్టూ ఉండవలసిన మెత్తని అంచు కన్నా అందులో ఉన్న చవక ఫిల్టర్ అంచు పలుచగా ఉంది. ఈ రెండింటి మధ్య సందులోంచి ఎర్రదుమ్ము ఫిల్టర్‌కు అవతలి శుభ్రమైన వైపు పొరలా పేరుకుంది. దమన్‌జోడి, సునాబెడ చుట్టుపక్కల రోడ్ల మీద తిరిగే బండ్లకు ఈ దుమ్ము కొత్త కాదు. బాక్సైట్ ఉన్న నేల, ఎండాకాలంలో పిండిలా లేస్తుంది, చాలా మెత్తనిది. దానికి తోడు ఇంజిన్ బ్రీదర్ పైపు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి, బండి ఆపిన తరువాత వెనక్కి పాకి సెన్సర్ మీద పలచగా అంటుకుంటుంది. ఒట్టి దుమ్మయితే గాలికి కొంత కొట్టుకుపోతుంది, ఆయిల్ తడి మీద పడిన దుమ్ము మాత్రం గట్టిపడి కూర్చుంటుంది.

ఫిల్టర్‌కు కంప్రెసర్‌తో గాలి కొట్టి మళ్లీ పెట్టడం మన దగ్గర బాగా అలవాటు. ఒత్తిడి ఎక్కువైతే కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి, పైకి ఫిల్టర్ శుభ్రంగానే కనిపిస్తుంది. నూనె రాసి వాడే గుడ్డ ఫిల్టర్లతో మరో ఇబ్బంది, నూనె ఎక్కువైతే నేరుగా సెన్సర్ మీదికే పోతుంది. సెన్సర్ ముందుండే జాలీని గాలి బాగా వస్తుందని తీసేసిన బండ్లు కూడా చూశాను. గాలిని సుడులు లేకుండా చేయడానికి ఆ జాలీ ఉంది, అది లేకపోతే సెన్సర్ ఎంత కొత్తదైనా లెక్క తప్పుతుంది.

దుమ్ము అంతవరకు వచ్చింది కాబట్టి టర్బో ఫ్యాను రెక్కలనూ, ఇరుసు ఆటనూ చూశాను. అరుగుదల కనిపించలేదు. యజమానికి అన్నిటికన్నా ముందు చెప్పిన సంగతి ఇదే.

కడగడం, మార్చడం

సెన్సర్‌ను విప్పి, దానికోసమే దొరికే స్ప్రేతో కడిగి, గంటకు పైగా ఆరనిచ్చాము. కార్బొరేటర్ క్లీనర్, పెట్రోలు వాడకూడదు, దూది పుల్లతో రుద్దకూడదు, కంప్రెసర్ గాలి కొట్టకూడదు. ఫిల్మ్ పొర ఎంత పలచనిదంటే వేలి కొన తగిలినా దెబ్బతినవచ్చు. కొందరు తయారీదారులు హాట్ ఫిల్మ్ రకాన్ని అసలు కడగవద్దనే అంటారు. ఎలాగూ మార్చవలసిన సెన్సర్ కనుక కడిగి చూడటంలో నష్టం లేదని నా అభిప్రాయం. విరిగిన క్లిప్పు మార్చి, సరైన అంచున్న ఫిల్టర్ వేసి చూస్తే ఐడిలింగ్ 11 గ్రాములకు పెరిగింది. మ్యానిఫోల్డ్ పీడనం కూడా పెరిగింది కనుక లోడ్‌లో ఇప్పుడు 76 రావలసిన చోట 60 వచ్చింది. బండి లాగుడులో తేడా యజమానికే తెలిసింది. కాని లోడ్‌లో ఇంకా 79 శాతమే ఉండటంతో ఫిల్మ్ స్వభావమే మారిపోయిందని నిర్ధారించుకుని మార్చాలని చెప్పాను.

ఆయన ఖర్చుకు వెనకాడి ఒక చవక నకలు సెన్సర్ తెచ్చాడు. వద్దన్నా వినకపోవడంతో, కొలతలు కాగితం మీద రాసి ఇస్తానన్న షరతు మీద బిగించాను. ఐడిలింగ్‌లో అది 13.4 గ్రాములు చూపింది, చూడటానికి ముచ్చటైన అంకె. ఘాట్ మీద 78 రావలసిన చోట 66 దగ్గర ఆగింది. నకలు సెన్సర్లలో నేను తరచుగా చూసే లోపం ఇదే, ఒక చోట సరిపోతుంది, గాలి పెరిగేకొద్దీ దారి తప్పుతుంది. ఈసీయూలో ఉన్న పట్టిక ఫలానా సెన్సర్ వంపుకు, అంటే గాలిని బట్టి దాని సిగ్నల్ పెరిగే తీరుకు రాసినది, బయటి ఆకారం, కప్లర్ సరిపోయినంత మాత్రాన లోపలి వంపు సరిపోదు. ఐడిలింగ్ మాత్రమే చూసి బండి ఇచ్చేసే చోట ఈ నకలు సెన్సర్ పాసై వెళ్లిపోయేది.

ఆ కాగితం చూశాక యజమాని అదే పార్ట్ నంబరున్న అసలు సెన్సర్ తెప్పించాడు. దాన్ని బిగించి, పాత సెన్సర్ తేడాకు ఈసీయూ అలవాటు పడి రాసుకున్న సవరణలను స్కానర్‌తో చెరిపివేశాము. ఈ చివరి పని మరిచిపోతే కొత్త సెన్సర్‌కు పాత సవరణ కలిసి లెక్క ఎక్కువ వైపు తప్పవచ్చు. ఐడిలింగ్ 12.9. ఘాట్ మీద అదే మూడో గేరులో మ్యానిఫోల్డ్ పీడనం 195 కిలోపాస్కల్‌లకు చేరింది, 83 రావలసిన చోట 81 గ్రాములు వచ్చింది. ఒక్కసారిగా తొక్కితే సిగ్నల్ 4.2 వోల్టులు. పీడనం 160 నుంచి 195కు పెరగడానికి టర్బోను ఎవరూ తాకలేదు. డీజిల్ తగినంత పడి, సైలెన్సర్ వైపు వేడి పెరిగి, టర్బో తన పని తాను చేసింది.

సెన్సర్‌ను ఇన్ని కిలోమీటర్లకు మార్చాలన్న లెక్క నేను పెట్టుకోలేదు. ఫిల్టర్ డబ్బా గట్టిగా మూసి ఉండే బండ్లలో రెండు లక్షలు దాటినా చెక్కుచెదరని సెన్సర్లున్నాయి. కప్లర్ వోల్టేజీలు సరిగా ఉండి, పైపులు కారకుండా, ఈజీఆర్ మూసుకుంటూ ఉండి, కడిగిన తరువాత కూడా లోడ్‌లో కొలత లెక్కకు 10 శాతానికి మించి తక్కువగా ఉంటే మారుస్తాను. 10 శాతం లోపల ఉంటే ఫిల్టర్ సంగతి చూసి వదిలేస్తాను, ఎందుకంటే సిలిండర్లు ఎంత నిండుతాయన్నది నేను వేసుకున్న అంచనాయే, అందులో ఆ మాత్రం తేడా ఉండవచ్చు. కొండ మీద లెక్కకట్టేటప్పుడు పీడనాన్ని తప్పనిసరిగా ఆ ఊరిదే తీసుకోవాలి. మైదానం పుస్తకంలోని అంకెతో పోలిస్తే మా దగ్గర ప్రతి మంచి సెన్సరూ చెడ్డదిగానే కనబడుతుంది.

ఈ బండి సర్వీసు కార్డు మీద 91 కిలోపాస్కల్‌లు, 30 డిగ్రీల దగ్గర ఐడిలింగ్ 12.9, ఘాట్ మీద 81 అని రాసి పెట్టాము. వానాకాలం ముందు ఫిల్టర్ మార్చినప్పుడు మళ్లీ చూస్తే ఐడిలింగ్ 12.8 ఉంది, డబ్బాలో శుభ్రమైన వైపు దుమ్ము లేదు.